పై పోర్షన్ గీజర్

ఖానాపురం హవేలి, ఖమ్మం
జూలై, మంగళవారం

ప్రియమైన జెబా ఆపాకు,

నీ చెల్లెలి సలాం. ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. నీతో మాట్లాడుతుంటే మీ మరిది పక్కకొచ్చి కూర్చుని స్పీకర్ పెట్టమంటాడు. మా వెనక వీధిలో అమ్మకానికొచ్చిన మేడ కొని కిరాయిలకివ్వమని అజ్మల్ బావను రోజూ తొందరపెడుతున్నాడట కదా. కొనేముందు మా మేడ సంగతి విను.

కింద మేం ఉంటున్నాం. పై రెండు పోర్షన్లు కిరాయికిచ్చాం. మన అబ్బా నాకిచ్చిన స్థలం అమ్మి కొన్నది కాబట్టి మేడ నా పేరు మీదే ఉంది. ఓనర్ మాత్రం ఆయనే. తెల్ల లాల్చీ వేసుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. వచ్చేపోయేవాళ్లు వసీం భాయ్ అంటే చాలదు, ఓనర్ సాబ్ అనాలి. కిరాయి వచ్చే రోజున అంత చురుకైన మనిషి ఇంకొకడుండడు. నల్లా కారుతోందంటే మాత్రం ఆయనకు చెవులు వినపడవు. ఇల్లు ఒక్కసారి కొంటే చాలు, ఆ తర్వాత కూర్చోబెట్టి తిండి పెడుతుందని ఆయన నమ్మకం. స్లాబ్ పగులుతుందని, మోటార్ కాలుతుందని ఎవరైనా అంటే అదంతా కిరాయిదార్ల కుట్ర అంటాడు.

అన్నిటికంటే పై పోర్షన్‌లో సరిత, ఆమె భర్త శ్రీను ఉంటారు. శ్రీను షేర్ ఆటో నడుపుతాడు. సరిత బాలింత. వాన పడితే ఆమె పడకగదిలో ఓ మూల బకెట్ పెట్టుకోవాలి. గీజర్ ముట్టుకుంటే చేయి జుమ్మంటోందని ఆమె నాకు చెప్పింది, నేను ఆయనకు చెప్పాను. ఎర్తింగ్ చేయించమంటే నవ్వి చేయి ఊపేశాడు. పోయిన వారం బిడ్డ స్నానానికి గీజర్ నీళ్లు పట్టబోయి సరిత షాక్ కొట్టి పడిపోయింది. అల్లా దయవల్ల బిడ్డ మంచం మీద ఉన్నాడు. ఆమె మోచెయ్యి విరిగింది. దవాఖానాకు నేనే తీసుకెళ్లాను.

మేం తిరిగొచ్చేసరికి ఓనర్ సాబ్ రిపేర్ పూర్తిచేసి ఉన్నాడు. గీజర్ ఊడదీయించి అటక ఎక్కించాడు. "ఖమ్మం ఎండలకు వేడినీళ్లు ఎందుకు?" అన్నాడు, చేతికి కట్టుతో నిలబడ్డ ఆ పిల్లతో. మే నెలలో కూడా గీజర్ వేయనిదే బాత్రూంలో అడుగుపెట్టని మనిషి అన్న మాట అది. ఆమె ముందు ఆయన భార్యగా నిలబడటానికి నాకు సిగ్గేసింది.

ఇలాంటి మనిషితో ఇక ఉండలేను ఆపా. ఆదివారం మా పాపను తీసుకుని పెనుబల్లి వచ్చేస్తాను. నాకో గది ఖాళీ చేసి ఉంచు.

నీ షీరీన్

ఖానాపురం హవేలి
ఆగస్టు

ఆపా,

నా ఉత్తరం చూసి అజ్మల్ బావ మేడ ఆలోచన మానుకున్నాడని తెలిసింది. మంచి పని. నేను రాలేదని కంగారుపడి ఫోన్ చేశావు, ఆయన పక్కనుంటే బాగానే ఉన్నానన్నాను. అది అబద్ధం కాదు.

ఆ శనివారం బట్టలు సర్దుకుంటుంటే, నేను పోతే ఆయనకేం పోతుంది అనిపించింది. ఆయన కింద వేడినీళ్లు పోసుకుంటూనే ఉంటాడు, పైన సరిత తడుస్తూనే ఉంటుంది. నా ఇల్లు వదిలి నేనెందుకు పోవాలి? ఆయన ములకలపల్లిలో పెళ్లికి వెళ్లి ఉన్నాడు. పైకెళ్లి సరితతో, మీరు కిందికి రండి, మేం పైకి వస్తాం అన్నాను. ఆమె నమ్మలేదు. భాయ్ ఊరుకోడని శ్రీను భయపడ్డాడు. అయినా సాయంత్రానికల్లా మంచాలు, బీరువాలు మారాయి.

ఆయన వచ్చి కింద తలుపు నెడితే లోపల శ్రీను అన్నం తింటున్నాడు. మెట్లెక్కి పైకొచ్చి, "ఏందిది?" అన్నాడు.

"ఇల్లు నా పేరు మీదున్నది. ఈ పోర్షన్ మంచిగనే ఉన్నదంటివి గదా. మనమే ఉందాం."

"కిరాయోళ్లు కింద, ఓనర్ పైననా? నలుగురు ఏమంటరు?"

"ఏమంటరో నాకెర్క లేదు. ఆ బకెట్ మూలకు జరుపు, వాన వచ్చేటట్టున్నది."

తమ్ముడింటికి పోతానని బెదిరించాడు. పొమ్మన్నాను. గేటు దగ్గర కుర్చీ వదిలి ఆయన ఎక్కడికి పోతాడు? ఆ వారమంతా ముసురు. చన్నీళ్లు పోసుకుని పళ్లు కొరుక్కుంటూ బయటికి వచ్చేవాడు. తెల్ల లాల్చీలకు చెమ్మ వాసన పట్టింది. ఎందరు మొత్తుకున్నా కదలని మనిషి, వాన తెరిపివ్వగానే మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. పగుళ్లు పూడ్పించాడు, ఎర్తింగ్ వేయించాడు, కొత్త గీజర్ పెట్టించాడు. వచ్చే కిరాయిలో ఏటా కొంత ఇంటి కోసమే పక్కనపెట్టాలని మేస్త్రీ చెబితే, దొంగను చూసినట్టు చూశాడు.

మారాడనుకుంటున్నావేమో. నిన్న వేడినీళ్లు పోసుకుని తల తుడుచుకుంటూ, "పోర్షన్ కొత్తగైంది. మనం కిందికి దిగి దీన్ని ఎక్కువ కిరాయికిద్దాం" అన్నాడు. ఇన్నాళ్లు తడిసినందుకు ఆయనకు అర్థమైంది ఇదీ.

సరిత పాత కిరాయికే కింద ఉంటుందని చెప్పాను. మాకు, సరిత వాళ్లకు మధ్య పోర్షన్‌లో సాంబమూర్తి గారని, బొగ్గుగనిలో చేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. పైన నీళ్లు వదిలినప్పుడల్లా వాళ్ల బాత్రూంలోకి మురుగు తన్నుకొస్తుంది. ఏడాదిగా చెప్పి చెప్పి అలిసిపోయారు పాపం.

"గట్లనే ఇద్దాం. సాంబమూర్తి సార్ వాళ్లను గిక్కడికి రమ్మంటా, మనం నడిమి పోర్షన్‌కు పోదాం" అన్నాను.

నేను వంటింట్లోకి వెళ్లి డబ్బాలు సంచిలో పెట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి, ఎవరితోనో జల్దీ రమ్మని ఫోన్‌లో బతిమాలుతున్న ఆయన గొంతు వినిపించింది.

ఇవాళ పొద్దున్నుంచీ ప్లంబర్లు మెట్ల పక్కన పైపులు విప్పుతున్నారు. ఓనర్ సాబ్ ముక్కుకు రుమాలు కట్టుకుని దగ్గరుండి చేయిస్తున్నాడు.

నీ చెల్లెలు,
షీరీన్