నీ జేబులోని కారు తాళం

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ తోటి డ్రైవర్ నర్సింగే మన కారును సినిమా షూటింగులకు తిప్పుతున్నాడు. ఈమధ్య అది వేడెక్కగానే షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ఆగిపోయేది, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. పెట్రోలు పంపు మార్చాం, సెన్సర్లు మార్చాం. అంతా దండగ. ఇంకోసారి ఆగితే వేరే బండి పెట్టుకుంటామని ప్రొడక్షన్ మేనేజర్ చెప్పేశాడు.

కృష్ణానగర్‌లో మన ఇంటి ముందే నర్సింగ్ బానెట్ ఎత్తి, ఇంజన్ కంప్యూటర్ మీదే అనుమానమన్నాడు. వేడికి ఆగుతున్నది అదేనేమో చూద్దామని, హీరోయిన్ల జుట్టు ఆరబెట్టే నా హెయిర్ డ్రయ్యర్ తెచ్చి దాని మీద పట్టాను. కాసేపటికి నడుస్తున్న ఇంజన్ ఆగిపోయింది. నువ్వుంటే నవ్వేవాడివి.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి కొత్త కంప్యూటర్ బిగించి, ల్యాప్‌టాప్ తగిలించి కూర్చున్నాడు.

"వదినా, తాళాలన్నీ తీస్కరా. తాళాలల్ల ఉన్న చిప్పులు ఇప్పుడు కొత్త కంప్యూటర్ల ఎక్కియ్యకపోతే పాతయి ఇగ పనిచెయ్యవు."

నా తాళం ఇచ్చాను.

"అన్న తాళమేది?"

"లేదు. కానివ్వు."

నిన్ను సమాధుల తోటకు తీసుకెళ్లే ముందు, పెళ్లినాటి కోటు తొడిగాక, దాని జేబులో నీ తాళం నేనే పెట్టాను. తాళం జేబులో లేకుండా నువ్వెప్పుడూ గడప దాటలేదు కదా.

నర్సింగ్ నా తాళం ఒక్కదాన్నే ఎక్కించాడు. కారు ఒక్కసారికే స్టార్టయింది.

నీ దగ్గరున్న తాళంతో ఇక మన కారు స్టార్ట్ కాదు, బావా.