దాహం లేని ఇంజన్

12 మార్చి 1966

మా అంగడిలో రేడియో వినాలంటే దుడ్లు అక్కర్లేదు, ఒక వింత చెప్పాలి. మా ఆయన వీరభద్రయ్య పెట్టిన రూలు ఇది. సాయంత్రమయ్యేసరికి స్టేషన్ ఎదురుగా మా అంగడి బండ మీద జనం చేరతారు, వంతులవారీగా చెబుతారు. యుద్ధకాలంలో బస్సులు బొగ్గుల పొయ్యితో నడిచేవని ఒకరు. ఢిల్లీలో బొమ్మ కనబడే రేడియో వచ్చిందని ఇంకొకరు. సినిమాలో పాట పాడేది హీరోయిన్ కాదు, తెర వెనక ఇంకెవరో అని నేను చెబితే సినిమా పిచ్చి ఉన్న కుళ్ళాయప్ప అలిగి లేచి వెళ్ళిపోయాడు.

నావన్నీ పేపర్లోవి. పొద్దున పాసింజర్లో దిగుతుంది పేపర్. మా ఆయన కన్నా ముందు నేనే విప్పుతాను. ఎర్ర దుమ్ములో కూర్చొని ఢిల్లీ బొమ్మల గురించి వింటుంటే ఒళ్ళు తేలిపోతుంది.

15 మార్చి

పట్టాల పక్క ఇంటి తిమ్మక్క రోజూ వచ్చి నా దగ్గర వింతలు ఎందుకు అడిగి పోతుందో ఇవాళ తెలిసింది.

పాసింజర్ ఇంజన్ మా స్టేషన్లోనే నీళ్ళు పట్టుకుంటుంది. గొట్టం దగ్గర ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మన్ యేసన్న. అతనికి వింతలంటే ప్రాణమట. తిమ్మక్క కింద నిలబడి మొదలుపెడితే నోరు తెరుచుకొని వింటాడట, గొట్టం కట్టేయడం మరిచిపోతాడట. ఇంజన్ ట్యాంకు నిండి పొర్లిన నీళ్ళు పట్టాల పక్క గుంతలో పడతాయి. ఆమె ఇంటికీ, రెండు ఎద్దులకూ అవే ఆధారం. ఊరి బావి ఎండి ఏడాది దాటింది. ఆ నీళ్ళు లేకుంటే ఎద్దుల్ని సంతకు తోలి బళ్ళారి పక్క కూలికి పోవాల్సిందేనంది. కత ఎంత పొడుగుంటే నీళ్ళు అంత వస్తాయి, ఇంకొంచెం పొడుగుది చెప్పు తల్లీ, అంది.

నవ్వాను. తర్వాత భయమేసింది. తిమ్మక్క పోతే ఈ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషెవరు?

16 మార్చి

రాకెట్లో పోయిన కుక్కను ఇచ్చాను. గుంత సగం నిండిందట.

19 మార్చి

రష్యాలో ఒక ఆడమనిషి ఆకాశంలోకి పోయి భూమిని చుట్టి వచ్చిందని చెప్పాను. తిమ్మక్క చాలాసేపు పైకి చూసింది. ఆయమ్మ ఆడ తిరిగినన్నాళ్ళూ వాళ్ళింటికి నీళ్ళెవరు మోసినారంట, అని అడిగింది. పేపర్లో రాయలేదు. ఇదే మాట యేసన్నను అడిగితే అతనూ ఆలోచిస్తూ నిలబడిపోయాడట. గుంత నిండి పొర్లింది.

24 మార్చి, మధ్యాహ్నం

కునుకులో కల. ఆ రష్యా ఆడమనిషి మా స్టేషన్ మీదుగా పోతోంది. చంకలో బిందె. మెల్లగా, దూదిలా. కిందికి చూసి నా పేరు అడిగింది. చెప్పబోతే గొంతు ఎండిపోయి ఉంది, మెలకువ వచ్చింది.

2 ఏప్రిల్

సినిమాలో ఏడవాలంటే కళ్ళకు గ్లిసరిన్ రాసుకుంటారు. కన్నీళ్ళు కూడా కొనుక్కుంటారా అని తిమ్మక్క పడీ పడీ నవ్వింది.

9 ఏప్రిల్

ఇవాళ యేసన్నే వింత తెచ్చాడు. ఇంజన్ ఆగీ ఆగకముందే, అక్కా ఈ పొద్దు వంతు నాది అన్నాడట. డీజిల్ ఇంజన్ వస్తాండాది, బొగ్గు లేదు, దోవలో యాడా నిలిపి నీళ్ళు పట్టే పని లేదు, అని ఒకటే సంబరం. అతనికి దాని మీద ట్రైనింగ్ ఇస్తారట. ఇక్కడ ఇంజన్లకు నీళ్ళు పట్టే పంపు మూసేస్తారట. తిమ్మక్క చంకలో బిందె కింద పెట్టేసిందట. ఆమె మొహం చూసి అతను ఆగిపోయాడట. గొట్టం మాత్రం కట్టేయలేదట.

సాయంత్రం మా ఆయన అదే వింత బండ మీద చెప్పాడు. అందరూ భలే అన్నారు. నేను లేచి లోపలికి పోయాను.

28 ఏప్రిల్

ఆవిరి ఇంజన్‌కు ఇదే ఆఖరు. నేనూ పోయాను. సముద్రం అడుగున తీగ వేసి దేశం నుంచి దేశానికి తంతి పంపిన కథ తిమ్మక్కకు నేర్పి తీసుకెళ్ళాను. నాకు తెలిసిన వాటిలో అన్నింటికన్నా పొడుగుది. సగంలో ఆమె ఆపి గుంత వైపు చూసింది. మిగతా సగం యేసన్న చెప్పేశాడు, తీగ తెగిపోవడం, మళ్ళీ వేయడం, అంతా. పేపర్లో ఉన్నది ఉన్నట్టు.

మా పేపర్ వచ్చేది అతని రైల్లోనే. ఇన్నాళ్ళూ ఈ సంగతి నాకు గానీ ఆమెకు గానీ తట్టనే లేదు. అతనికి ముందే కుక్క సంగతీ తెలుసు, గ్లిసరినూ తెలుసు.

మరి ఎందుకు విన్యావప్పా, అని తిమ్మక్క అడిగింది. ఊరికే పారబోస్తే ఉద్యోగం పోతాదక్కా, కత వింటా మరిచిపోతే తిట్టి ఇడిచిపెడతారు, అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. గ్లిసరిన్ లేకుండానే.

3 మే

డీజిల్ వచ్చింది. అందమైనదే, కాదనను. వచ్చినంత తొందరగా పోయింది.

11 మే

ఎద్దులు సంతకు పోయాయి.

14 మే

తిమ్మక్క రైలెక్కింది. పుట్టినప్పటి నుంచీ పట్టాల పక్కనే బతికి, ఎక్కడం ఇదే మొదటిసారి. ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకొని కిటికీ దగ్గర కూర్చుంది. రైలు కదులుతుంటే నన్ను పిలిచి తన వంతు వింత చెప్పింది. రైలు కదల్లేదంట, మనూరే ఎనక్కి పోతాండాదంట.

20 జూన్

రేడియో దగ్గర నా వంతు. మా ఊళ్ళో ఒకామె రైలింజన్‌కు కథలు చెప్పి నీళ్ళు తెచ్చుకునేదని చెప్పాను.

కొత్తగా వచ్చిన పోర్టర్ నమ్మలేదు. ఇది చెల్లదు, ఇంకోటి చెప్పమన్నాడు.