రాజం గడ్డం మొక్కు

రాజం బాపూ,

నేను చెబుతుంటే మన కొడుకు రాజమే రాస్తున్నాడు. నా గోడు వినేందుకు నువ్వు తప్ప ఎవరున్నారు?

మొదట రాచపుండని వాని ఒక బీజం తీసేసినప్పుడు, బతికితే జుట్టూ గడ్డమూ ఇస్తామని కొండగట్టు అంజన్నకు నువ్వే మొక్కినావు, ఇప్పించినావు. నువ్వు కాలం చేసినాక రెండో పక్కకూ పుండు వచ్చింది. అదీ తీసేసినారు. నేనూ అదే మొక్కు మొక్కినాను. వాడు బతికినాడు గాని గడ్డం పలచబడింది. ఇక పెరగదన్నాడు డాక్టరు.

గడ్డాలు గీసే నర్సయ్య మన వాకిట్లోనే నవ్వినాడు.

"రాజన్నా, నా కత్తికి పని తప్పిచ్చినవు."

"నీ నోటికి తప్పిస్త, లెవ్వు!" అని తరిమినాను.

ఆనాటి నుంచి మన రాజం గడప దాటడు, బొగ్గుగని పనికీ పోడు. మొక్కు సంగతి ఎత్తితే, గడ్డం వచ్చినాక చూద్దామంటాడు.

"అవ్వా, గది నేను రాయ," అని ఇక్కడ కలం పక్కన పెట్టినాడు.

"రాయి! ఆలుబిడ్డలు లేని దేవుడు, నిన్ను తక్కువ జేసి చూస్తడారా?"

నాతో ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు, నీకిచ్చిన మాట తప్పడు. అందుకే కింది మాట వాణ్ణే రాయమన్నాను.

బాపూ, రేపు పొద్దుగాల బస్సుకు పోతం. తలనీలాలే ఇస్త. వచ్చి పనిల చేరుత. అవ్వ పక్కనే కూసున్నది, గిది రాసేదాక లేస్తలేదు.