నడిమి అర్రకు నీలం వెల్ల

ఇగో... ఎట్లున్నవు?

నిన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన ఎప్పుడూ పోలేదు కదా. "ఇగో" అని నేను, "ఆఁ" అని నువ్వు. ముప్పై ఏళ్ల సంసారం ఆ రెండు మాటల మీదే నడిచింది. ఇప్పుడు ఉత్తరంలో మాత్రం కొత్తగా పేరెందుకని అట్లాగే మొదలుపెట్టాను. నువ్వు పోయి ఏడాదీ నాలుగు నెలలైంది.

ముందు మంచి మాట చెబుతాను. మన సరిత కడుపుతో ఉంది. తొమ్మిదో నెల నడుస్తోంది.

మంచంలో పడి లేవలేని రోజుల్లో కూడా నువ్వు అది దగ్గరికి వచ్చినప్పుడల్లా దాని ముఖం వంకే చూసేదానివి. నోరు విప్పి అడిగేదానివి కాదు. అడగొద్దని నేను కసిరాను కాబట్టి. తీరా ఇప్పుడు ఆ మాట చెబుదామంటే ఎవరి ముఖం చూసి చెప్పాలి?

తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. ఏడో నెలలో నల్గొండకు పోయాను, బిడ్డను తోలుకుపోతానని చెప్పడానికి. వియ్యపురాలు అండాలమ్మ చాయ్ ఇచ్చింది, కూర్చోమంది, యోగక్షేమాలు అడిగింది. ఆ తర్వాత మెల్లగా అసలు మాట చెప్పింది. ఆడమనిషి లేని ఇంట్లో బాలింతను ఎవరు చూస్తారు, పసిగుడ్డుకు నీళ్లు ఎవరు పోస్తారు, కాన్పు ఇక్కడే కానిద్దాం, నువ్వే వచ్చి చూసి పోతూ ఉండు అంది. అందులో తప్పు పట్టడానికి ఏముంది చెప్పు? అయినా నాకు కోపం వచ్చింది. నా కోపం నీకు తెలియనిదా... చాయ్ సగంలో వదిలేసి లేచాను.

బస్సులో కూర్చున్నాక ఆలోచిస్తే అండాలమ్మ మీద కోపం లేదు. సరిత తలుపు చాటున నిలబడి అంతా విన్నది. "నేను బాపు దగ్గరికి పోతా" అని ఒక్క మాట అనలేదు. నన్ను కుట్టింది అదీ.

అనదని నాకు తెలుసు కూడా. నీ పదకొండో రోజు అయిన నాటి నుంచి అది ఈ ఇంట్లో ఒక్క రాత్రి ఉండలేదు. వస్తుంది, ముందటి అర్రలో మగ్గం పక్కన కూర్చుంటుంది, తెచ్చిన కూర గిన్నెలోకి తీస్తుంది, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోతుంది. నడిమి అర్ర వైపు చూడను కూడా చూడదు. మూడు నెలలు నువ్వు ఆ అర్రలో పడుకుంటే నీకు అన్నీ చేసింది అదే కదా. దాన్ని ఏమనను? నేను మాత్రం ఏం చేశాను... ఆ తలుపుకు గొళ్లెం పెట్టి మగ్గం పక్కనే చాప పరుచుకుంటున్నాను.

మరి ఆ తలుపు అట్లా మూసి ఉంచి, బిడ్డ రావట్లేదని అండాలమ్మ మీద అలిగితే ఏం లాభం?

ఎనిమిదో నెలలో ఎట్లాగూ ప్రయాణం పెట్టరు. అంటే నాకు నెల రోజులు దొరికాయి. ఇల్లు పసిగుడ్డు ఉండే ఇల్లులా చేసి చూపిస్తే అప్పుడు కాదంటారా, చూద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున్నే గొళ్లెం తీశాను.

తీసి, గడప మీదే చాలాసేపు కూర్చున్నాను. అబద్ధం ఎందుకు.

బూజు దులిపాను. చూరు కింద కందిరీగలు గూడు కట్టాయి, తీసేశాను. నీ మందుల డబ్బా, దవాఖాన కాగితాలు, వేడినీళ్ల సీసా, అన్నీ ఒక మూటకట్టి అవతల పెట్టాను. మంచం నవారు విప్పి ఉతికాను. ఎలుక బొక్కలు సిమెంటుతో పూడ్చాను. ఊడ్చి బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే నీ గొంతే వినిపించినట్టయింది. "నడిమిట్ల ఊకితే ఊకినట్టు కాదు, మూలలకు పొయ్యి చూడు." మళ్లీ లోపలికి పోయి మూలలు ఊడ్చాను. చేటెడు దుమ్ము వచ్చింది. బతికున్నప్పుడు ఒక్కసారి కూడా నీ మాట ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాత రంగు తొట్ల పని. సరితకు రెండేళ్లప్పుడు బుడిబుడి నడకలతో పోయి తొట్టిలో చెయ్యి ముంచింది, గుర్తుందా? మోచేతి దాకా ఎర్రగా పట్టుకొచ్చి నీకు చూపించింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. మూడో రోజు ఒక్కటే అన్నావు. "రంగు నీళ్లు, పసిపిల్లలు ఒక్క కప్పు కింద ఉండొద్దు." అప్పుడు సరేనన్నాను, తొట్లు మాత్రం అక్కడే ఉన్నాయి. ఇన్నేళ్లకు పెరటి చివర రేకుల కప్పు వేసి, తొట్లన్నీ అక్కడికి మార్చాను. డబ్బాలకు మూతలు బిగించాను. ఆలస్యమైందని తిడతావా...

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. భగీరథ నల్లా రోజూ వస్తోంది. ఊరి బోరులోని ఫ్లోరైడు నీళ్లు తాగి నీ మోకాళ్లు ఏమయ్యాయో, నా పళ్లు ఏమయ్యాయో మనకు తెలుసు. ఈ బిడ్డకు ఆ నీళ్లు ఒక్క చుక్క పట్టను. కొత్త కుండలు రెండు తెచ్చి కడిగి బోర్లించాను.

ఇక మిగిలింది వెల్ల.

మంచం తలాపున గోడ మీద నీ తల ఆనిన చోట నూనె మరక ఉంది. అరచేయంత. మూడు గోడలకు సున్నం గీరేశాను, నాలుగో గోడ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ రోజుకు పని ఆపేశాను. మర్నాడూ అంతే. నా పాత చొక్కాలు పడేయనివ్వకపోతే నువ్వు అనేదానివి కదా, "పాతది పోకపోతే కొత్తది ఏడ కూసుంటది?" అని. మూడో రోజు ఆ మాటే పైకి అనుకుంటూ గోడ గీరాను. ఏడ్చాను కూడా. చూసేవాళ్లెవరున్నారని దాచుకోవాలి?

ఇప్పుడు నా ఘనకార్యం విను.

సున్నంలో చిటికెడు నీలం వేస్తే తెలుపు మెరుస్తుంది, అది ఊళ్లో ఎవరికైనా తెలుసు. దుకాణానికి పోయి నీలిమందు పొట్లం తెచ్చుకుంటే అయిపోయేది. కానీ ముప్పై ఏళ్లుగా నూలుకు రంగులద్దుతున్న నేను నీలం కోసం దుకాణం మెట్లెక్కాలా? మొన్న నూలు ముంచగా మిగిలిన నీలిరంగు తొట్టిలో ఉండనే ఉంది. ఒక చెంబెడు తెచ్చి సున్నంలో పోశాను. తొట్టిలో ఉన్నంతసేపు ఆ రంగు ఆకుపచ్చగా కనిపిస్తుంది, గాలి తగిలాకే నీలం తేలుతుంది. నాకు తెలియనిదా? నూలుకైతే ఎన్ని ముంచులో నా చేతికి తెలుసు. గోడకు ఎంతో నాకేం తెలుసు? కలిపితే ఏమీ తేలినట్టు లేదని ఇంకో చెంబు పోశాను. ఎందుకైనా మంచిదని మరొకటి.

పొద్దున వెల్ల వేసి, తిని వచ్చి చూసేసరికి నాలుగు గోడలూ నీలం. లేత నీలం కూడా కాదు... పాలపిట్ట రెక్క విప్పినట్టుంది అర్ర. నా చేతులు చూసుకుంటే మోచేతుల దాకా అదే రంగు.

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది. అండాలమ్మ! యాదగిరిగుట్టకు పోయి వస్తూ, ప్రసాదం ఇచ్చి పోదామని దిగిందట. ప్రసాదం ఒక వంక, ఇల్లు చూసి పోదామని వచ్చిందని నాకు తెలియదా? నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అవి దాగేవేనా...

ఆమె నడిమి అర్రలోకి పోయి గోడలు చూసింది. వంటింట్లోకి పోయింది, పెరట్లోకి పోయింది. నీళ్లు కాచే పొయ్యి ఎక్కడ, స్నానం చేయించే రాయి ఎక్కడ, గాలి ఎటు నుంచి కొడుతుంది, అన్నీ అడిగింది. చూపించాను. రాయిని ఇటుక ముక్కతో తోమి పెట్టాను కాబట్టి బతికిపోయాను. పసిగుడ్డుకు నీళ్లు ఎవరు పోస్తారని మళ్లీ అదే అడిగింది. కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోయడం నేర్చుకుంటాను, మగ్గం గుంటలో కూర్చునే కాళ్లే కదా, కదలకుండా ఉంటాయి అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నడిమి అర్ర గడప మీద కూర్చుంది.

తన సంగతి చెప్పింది అప్పుడు. ఆమెకు పెళ్లి కాకముందే తల్లి పోయిందట. తొలి కాన్పుకు తీసుకుపోవడానికి ఎవరూ రాలేదట, అత్తగారింట్లోనే అయిందట. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"గా కొరత నాకు ఇప్పటికీ పోలేదన్నా. మళ్ల గది సరితకెందుకు? దాన్ని పంపిస్త. దానితోని నేనొస్త."

బిడ్డ కాన్పుకు వియ్యపురాలు వచ్చి ఉండడం మనలో ఎక్కడైనా విన్నామా? ఊరు నవ్వుతుంది చెల్లె అన్నాను.

"నవ్వనియ్యి. నవ్వెటోళ్లు వచ్చి నీళ్లు పోస్తరా?" అంది.

ఆ మాట అచ్చం నువ్వు అన్నట్టే ఉంది. ఆ రోజు చాయ్ సగంలో వదిలేసి వచ్చినందుకు తప్పయిందని చెప్పాను. నేను ఇంకొకరికి తప్పయిందని చెప్పడం నువ్వు చూడాల్సింది.

ఇంకొకటి ఉంది. పసిగుడ్డుకు తొలి గుడ్డలు పాతవే ఉండాలి కదా, మెత్తటి నూలు చీరలవి. నీ చీరలు పెట్టెలో ఉన్నాయి. పోయిన మనిషివి పసిబిడ్డకు చుట్టవచ్చో కూడదో తెలియక, అడగడానికి భయపడుతూ అడిగాను. అండాలమ్మ నా మీద కసురుకుంది. ముత్తైదువగా పోయిన మనిషి చీర దొరకడమే అదృష్టమట. తానే పెట్టె తీసి, బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డవి నాలుగు ఏరింది. చించి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి వెళ్లింది. నేనేమో పుట్టేదాకా ఆగలేక ఒక చిన్న దుప్పటి నేద్దామనుకున్నాను. పుట్టకముందు కొత్త బట్ట ముట్టుకోవద్దని హెచ్చరించింది. చేతులు దురద పెడుతున్నాయి కానీ ఆగాను.

గోడల మీద మళ్లీ తెల్లవెల్ల వేయనా అంటే వద్దంది. తడి అర్రలో బాలింతను పెట్టొద్దు, ఆరిన నీలమే మేలు అంది. అట్లా ఉండిపోయింది.

నిన్న పొద్దున ఒడి నింపి సరితను తీసుకొచ్చారు. వెంట అండాలమ్మ, రెండు సంచులు, బాలింతకు పెట్టే కాయానికి శొంఠి, మిరియాలు.

అంతా బాగానే ఉంది, ఇది ఆ అర్రలో అడుగు పెడుతుందా అన్నదే నా భయం. పెట్టకపోతే నేను చేసిందంతా గోడలకు చేసిన సింగారమే. సరిత మగ్గం దాటి నడిచి, తలుపు దగ్గర ఆగింది. నేను వెనకాల నిలబడ్డాను. అది నాలుగు వైపులా చూసింది. ఎంతసేపు చూసిందో...

"బాపూ, నూలు దొరుకుత లేదా? గోడలకు అద్దినవు?"

అని నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. అండాలమ్మ మెల్లగా, మెల్లగా అని కేకేసింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. తలాపు గోడ దగ్గరికి పోయి, నీలం కింద ఏమీ కనిపించకపోయినా, సరిగ్గా నీ మరక ఉన్న చోట చెయ్యి పెట్టింది. మూడు నెలలు ఆ మరక చూసిన కళ్లు కదా.

రాత్రి అండాలమ్మ పక్కన అక్కడే పడుకుంది. ఈ రోజు మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ పడుకుంది. తలుపు తెరిచే ఉంది. అండాలమ్మ వాకిట్లో శొంఠి ఎండబెడుతోంది. నేను మగ్గం దగ్గర కూర్చుని ఇదంతా నీకు రాస్తున్నాను.

ఇంకా రాసేవాణ్ణే. ఇప్పుడు, ఈ మాట దగ్గర కలం పక్కన పెట్టాల్సి వచ్చింది. సరిత నిద్రలోంచి లేస్తూ, పూర్తిగా తెలివి రాకముందే, చిన్నప్పటి లాగా పిలిచింది.

"అమ్మా..."

వాకిట్లో అండాలమ్మ తలెత్తింది. పలకబోయి, ఆగి, నా వైపు చూసింది. ఏడాదీ నాలుగు నెలలుగా ఆ అర్రలోంచి పిలుపూ లేదు, పలికే మనిషీ లేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఓ బిడ్డా" అన్నాను.

మంచం కిర్రుమంది. తర్వాత మంచినీళ్లు అడిగింది. ఇచ్చి వచ్చాను. తాగి అటు తిరిగి మళ్లీ పడుకుంది.

ఇకమీద ఆ అర్రలోంచి అమ్మా అని ఎవరు పిలిచినా నేనే పలుకుతాను. నువ్వు ఫికరు పెట్టుకోకు.

ఉంటాను.

సరిత బాపు