అడిగి తెచ్చిన మిషన్ గురించి

అయ్యా,

విషయం: మైనారిటీ చిన్న వ్యాపార రుణం కోసం నేను పెట్టుకున్న దరఖాస్తును రెండుసార్లు, రెండు తీర్ల తిరస్కరించిన సంగతి.

శామీర్‌పేటలో బట్టలు కుట్టి బతుకుతున్న జహేదా బేగం తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. నా భర్త మన్నాన్ తుర్కపల్లి ల్యాబులకు క్యాబ్ నడుపుతాడు. ఆయన ద్వారా ఒక ల్యాబు వారు తెల్ల కోట్లు కుట్టిమ్మని నాకు ఆర్డరు చెప్పారు. నా దగ్గర ఉన్నది కాలితో తొక్కే పాత మిషన్. అంచులు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ లేకపోతే వాళ్లు కోట్లు తీసుకోరు. అందుకే రుణం అడిగాను. పెండ్లికి కాదు, పండుగకు కాదు.

2. బ్యాంకుకు పోతే మేనేజరు గారు, "మీవాళ్లకు వేరే ఆఫీసు ఉన్నది కదమ్మా, ఆడికి పో" అన్నారు. తమ మైనారిటీ రుణాల ఆఫీసుకు వస్తే, "బ్యాంకు ఒప్పుకున్నట్టు కాయితం తే" అన్నారు. మళ్లీ బ్యాంకుకు పోతే, "మీ గల్లీకి లోన్లు ఇయ్యమమ్మా, వసూలు గావు" అన్నారు. అదే గల్లీ నుంచి నేను వేసే పొదుపు పైసలు మాత్రం తీసుకుంటున్నారు. వాటికి గల్లీ అడ్డం రాలేదు, నా పేరూ అడ్డం రాలేదు.

3. చివరకు తమ ఆఫీసులో ఒకాయన దయతలచి, బ్యాంకు కాయితం లేకున్నా దరఖాస్తు తీసుకొని, "ఇన్‌స్పెక్షన్‌కు వస్తే యూనిట్ కనపడాలె, ఏదన్న సూపెట్టు" అన్నారు. అందరూ అట్లనే చేస్తారట. మెయిన్ రోడ్డు పక్కన ఉండే యమునను అడిగాను. ఆమెకు అదే బ్యాంకు మిషన్ లోన్ ఇచ్చింది, ఆమె గల్లీ వేరు కదా! పాపం మంచిది. "తీస్కపో జహేదక్కా, ఒక్కరోజుకు అరుగుతదా ఏంది" అని తన ఓవర్‌లాక్ ఇచ్చింది. బోర్డు రాయించి కట్టాను. ఇన్‌స్పెక్టర్ సారు వచ్చారు, ఛాయ్ తాగారు, ఫొటో తీశారు, "మస్తున్నదమ్మా నీ షాపు" అన్నారు. పోయి ఏం రాశారు? "యూనిట్ బాగా నడుస్తున్నది. రుణం అవసరం లేదు."

4. మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఈసారి ఉన్నదే చూపించాను. అదే సారు వచ్చారు, ఛాయ్ తాగారు, "యూనిట్ లేదు. అర్హత లేదు" అని రాశారు. గిదేంది సార్? మిషన్ ఉంటే అవసరం లేదంటిరి, లేకుంటే అర్హత లేదంటిరి. నడుమ నేనెక్కడ నిలబడాలె?

5. బోర్డు కట్టినందుకు పన్ను నోటీసు వచ్చింది. పన్ను వాళ్లకు మాత్రం నా షాపు కనపడింది.

ల్యాబు వారు ఈ నెలాఖరు దాకానే ఆగుతామన్నారు. కావున ఆలోపు రుణం ఇప్పించ ప్రార్థన. చిత్తగించవలెను. అంత తీరిక లేకుంటే, కాదనైనా ఒక్క తీరుగ చెప్పవలెను.

తమ విధేయురాలు,
జహేదా బేగం

మరొక్క మాట: ఈ అర్జీ తెచ్చిన రోజు తమరు మీటింగులో ఉన్నారు. మళ్లీ తెస్తే సెలవు. ఇంతలో నెల దాటింది. ఓవర్‌లాక్ ఉన్నవాళ్లు ఎవరున్నారని ల్యాబు వాళ్లు అడిగితే యమున పేరు నేనే చెప్పాను. ఇప్పుడు అదే మిషన్ మీద, అవే కోట్లు, కూలికి కుడుతున్న. అర్జీ మాత్రం వాపస్ తీసుకోను. సారును ఎప్పుడైనా ఇన్‌స్పెక్షన్‌కు పంపండి. మిషన్ ఉన్నది, పని ఉన్నది, నేను గూడ ఉన్న. ఛాయ్ కావాలంటే మాత్రం ఇగ ఓనరమ్మను అడగాలె.