స్లాబు మీద చిల్లులు

జోల్వా, సూరత్
ఆగస్టు 2020

ప్రియమైన సింధూజకు,

నేను క్షేమం. నువ్వూ హిమా సిరిసిల్లలో మీ అక్క ఇంట్లో బాగున్నారని తలుస్తాను. ఉన్న ఒక్క మంచి ఫోన్ పొద్దంతా హిమ పదో తరగతి క్లాసులకే సరిపోతోంది కదా, అందుకే పెళ్లైన కొత్తలో రాసినట్టు మళ్లీ ఉత్తరం రాస్తున్నాను. నవ్వకు.

మన మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడుస్తున్నాయి, కానీ సగమే. లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయిన ఒడిశా కార్మికులు ఇంకా తిరిగి రాలేదు. నేనే సాంచాల మీద నిలబడి, రాత్రి కార్ఖానా వెనక గదిలోనే పడుకుంటున్నాను. గోడాదరాలో మన ఇంటి మీద ఎనిమిది సోలార్ ప్లేట్లున్నాయి, కింద వాడే మనిషి లేడు. విప్పి ఇక్కడికి తెచ్చుకుంటే సాంచాలకు కాస్త కరెంటు కలిసొస్తుంది కదా అని ఆలోచన.

సోలార్ పని చేసే నర్సింగం వచ్చి చూశాడు. "ఇన్వర్టర్ పాతదైంది అన్నా. ఎట్లాగూ విప్పుతున్నం, గిప్పుడే కొత్తది పెట్టు" అంటున్నాడు. ఆ ప్లేట్లు పట్టుబట్టి పెట్టించింది నువ్వు. నీ ఇడ్లీ పిండి గ్రైండర్లు తిరిగింది వాటి మీదే. వాటి గుణం నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఎలా విప్పాలో, ఇన్వర్టర్ మార్చాలో వద్దో రాయి. నీ మాట రానిదే ఒక్క బోల్టు తిప్పను.

నీ
ఉమాకాంత్

*

సిరిసిల్ల
ఆగస్టు ఆఖరు

ప్రియమైన హిమ నాయినకు, సింధూజ నమస్కారాలు.

మీ కవరు చూసి అక్క, "ఏందే, ఈ వయసుల లవ్ లెటరా" అంది. అవునన్నాను. లోపల ఉన్నది ఇన్వర్టర్ సంగతని చెబితే నా పరువు పోతుంది.

ప్లేట్లు తేవడం నాకిష్టమే, మేం తిరిగొచ్చాక మళ్లీ ఇంటికి చేర్చేటట్టయితే. విప్పేటప్పుడు పైన మందంగా ఏదైనా కప్పండి. ఎండ తగిలినంతసేపూ వాటిలో కరెంటు పుడుతూనే ఉంటుంది. బీరువా కింది అరలో నా పాత చీరలున్నాయి, అవి తీసుకోండి. ఏ తీగ ఎక్కడిదో తెలిసేలా ముందే గుర్తులు కట్టించండి. టెంపోలో పడుకోబెట్టకుండా నిలబెట్టి తేవాలి. కార్ఖానా పైన సిమెంటు రేకులు, వాటి మీద ఎక్కించకండి. వాకిట్లో ఇనుప స్టాండు కొట్టించండి.

ఇన్వర్టర్ మార్చకండి. దానికి ముసలితనం ఏమీ రాలేదు. ఆ మధ్య ఆగిపోయింది లోపల బల్లి దూరినందుకే. సాంచాల దగ్గర దూది పొట్టు ఎగురుతుంది కాబట్టి బయటి గోడకు పెట్టించండి, చాలు.

ముఖ్యమైనది చివర రాస్తున్నా, మరిచిపోరని. స్టాండు కాళ్లు తీసిన చోట స్లాబుకు చిల్లులు పడతాయి. వాన ఆగలేదు. వెంటనే సిమెంటు పూయించండి, లేకపోతే నీళ్లన్నీ హిమ గదిలోకే దిగుతాయి. అది రోజూ "నా గది ఎట్లుందో నాయినను అడుగు" అంటోంది. మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారు?

మీ
సింధూజ

*

జోల్వా
అక్టోబరు 2020

ప్రియమైన సింధూజకు,

జవాబు ఆలస్యమైంది, కోపగించకు. నువ్వు చెప్పినట్టే అంతా చేయించాను. నీ నీలం చీర కప్పుకుని ప్లేట్లు పెళ్లికూతుళ్లలా దిగాయి. స్టాండు వాకిట్లోనే కొట్టించాను. ఒక్క అద్దం పగల్లేదు.

ఇన్వర్టర్ దగ్గరే తిరకాసు వచ్చింది. నాలుగు ప్లేట్లకు పాతది మేలుకోవడం లేదు. వాటి వోల్టేజీ దానికి చాలదట, చిన్నది కొనాలంటున్నాడు నర్సింగం. కొనమంటావా?

రావడానికి తొందరపడకు. ఇక్కడ కరోనా ఇంకా తగ్గలేదు. హిమ చదువు అక్కడే సాగనీ.

నీ
ఉమాకాంత్

*

సిరిసిల్ల
నవంబరు 2020

ప్రియమైన హిమ నాయినకు,

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. ఎనిమిది ప్లేట్లు విప్పుతానన్నారు. ఒక్కటీ పగల్లేదన్నారు. మరి నాలుగే ఎందుకున్నాయి? మిగిలిన నాలుగు ఎక్కడ?

చిల్లులు పూడ్చారా అని అడిగాను. దాని మీద ఒక్క ముక్క లేదు. సొంత స్లాబుకు చిల్లు పడి, పైన వాన కురుస్తుంటే, ఏ మనిషైనా ఆ సంగతే ముందు రాస్తాడు. నా చీర రంగు గుర్తున్న మనిషికి ఇంటి పైకప్పు గుర్తులేకపోవడం నాకు భయంగా ఉంది.

గోడాదరాలో మన పక్కింటి ఉషాదేవికి ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. చేయలేదు. మొగుడి సంగతి ఊరివాళ్ల నోట వినే గతి నాకు పట్టించకండి. సూటిగా అడుగుతున్నాను. మన ఇల్లు ఉందా?

మీ
సింధూజ

*

జోల్వా
డిసెంబరు 2020

ప్రియమైన సింధూజకు,

లేదు. జూలైలోనే అమ్మేశాను.

సాంచాల అప్పు మీద పడింది. ఇల్లో, సాంచాలో, ఏదో ఒకటి పోవాల్సి వచ్చింది. సాంచాలు పోతే మళ్లీ కూలివాణ్ని అవుతానని భయపడ్డాను. కొన్నవాళ్లు నాలుగు ప్లేట్లు తమకు ఉంచమని పట్టుబట్టారు, ఒప్పుకున్నాను. నీకు చెబుదామని ఫోన్ తీసేవాణ్ని. అవతల నీ గొంతు వినగానే హిమ చదువు సంగతి అడిగి పెట్టేసేవాణ్ని. ముందు ప్లేట్ల మాట ఎత్తితే మెల్లమెల్లగా నీకు అలవాటవుతుందనుకున్నాను. నువ్వు బాధపడకూడదనే దాచాను, నమ్ము.

కార్ఖానా వెనక గది ముగ్గురికి ఇరుకే, కానీ సర్దుకోవచ్చు. వచ్చేయండి. నర్సింగం ఇన్వర్టర్ సంగతి ఇంకా అడుగుతున్నాడు. నువ్వు చెప్పకుండా కొనబుద్ధి కావడం లేదు.

నీ
ఉమాకాంత్

*

సిరిసిల్ల
జనవరి 2021

ఉమాకాంత్ గారికి,

మీ పేరు ఇన్నేళ్లలో నా నోట రాలేదు, కాగితం మీదా పెట్టలేదు. ఇవాళ హిమ నాయినకని రాయబోతే చెయ్యి సాగలేదు.

ఇల్లు పోయిందని ఏడ్చాను. ఆ ఏడుపు రెండు రోజుల్లో తీరింది. ఈ కరోనాలో ఎంతమంది అమ్ముకోలేదు? నన్నడిగి ఉంటే కొట్లాడేదాన్ని, అలిగేదాన్ని, చివరికి నేనే తాళం తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టి వచ్చేదాన్ని. మీరు జూలైలో అమ్మి ఆగస్టులో నన్ను సలహా అడిగారు. నేను పిచ్చిదానిలా చీరలు కప్పండి, తీగలకు గుర్తులు కట్టండి, హిమ గది తడవకుండా చూడండి అని రాశాను. నా ఇంటిని నా చేతనే విప్పించారు. ఆ ఉత్తరం చదివినప్పుడైనా మీకు సిగ్గు అనిపించలేదా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టుకునేసరికి ఇల్లే లేదు.

నేను బాధపడకూడదని దాచానన్నారు. అబద్ధం. నా ముఖం చూసే ధైర్యం లేక దాచారు.

హిమకు చెప్పాను. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత లేచి, "మమ్మీ, నా బుక్స్ ఏడ ఉన్నయట?" అని అడిగింది. అవి పార్సిల్‌లో పంపండి. అది ఇక్కడే కాలేజీలో చేరుతుంది. అక్క వాళ్ల వీధి చివర గది తీసుకున్నాను, ఒక గ్రైండర్ కిరాయికి దొరికింది. పొద్దున్నే పిండి కోసం జనం వస్తున్నారు. హిమను చూడాలనిపిస్తే రండి, ఎవరూ అడ్డం చెప్పరు. మేము మాత్రం జోల్వాకు రావడం లేదు.

నర్సింగం అడుగుతున్నాడన్నారు కదా. చిన్న ఇన్వర్టరే కొనండి. వెనక గదిలో ఒక్క మనిషికి అది చాలు.

సింధూజ