పన్ను కట్టేశానన్నారు

పళ్ళ వైద్యానికని విమానమెక్కిన శ్రీవారికి,

పరాయి దేశంలో పళ్ళు చవగ్గా బాగుచేస్తారని వెళ్ళారు. మొన్న ఫోనులో "పన్ను కట్టేశానే, ఇక మనకి దిగుల్లేదు" అన్నారు. దవడ పన్నే అనుకుని, ఏం నములుతున్నారో ఏమోనని పిచ్చిదాన్నై బెంగపడ్డాను. ఇవాళ మీ అన్నయ్యకి పంపబోయి పొరపాటున నాకు పంపిన రసీదు చూశాక తెలిసింది, మీరు కట్టింది ఇంటి పన్నని.

అంటే అక్కడ ఇల్లు కూడా కొనేశారన్నమాట. కాపురం మార్చేముందు, కాపురం చేసేదాన్ని ఒక్కమాట అడగాలని తోచలేదు.

అదైనా దిగమింగేదాన్ని. రసీదుతోపాటు, మనిద్దరం అక్కడ స్థిరపడటానికి మీరు పెట్టిన దరఖాస్తూ వచ్చింది. అందులో నా పేరు పక్కన, వృత్తి అన్నచోట, మీ చేతిరాతతో 'ఏమీ లేదు' అని ఉంది. ఇరవై రెండేళ్ళుగా వీధిగదిలో మిషను తొక్కుతున్నది ఎవరండీ? ఆ మాట రాస్తున్నప్పుడు మీ ఒంటిమీదున్న చొక్కా కుట్టింది ఎవరు?

నేను రాను. మీ నోరు బాగుచేస్తున్న ఆ డాక్టరు దగ్గర నేర్చుకుని, ఆ కాగితంలోంచి నా పేరు పీకేయండి. మత్తుసూది అక్కర్లేదు.

ఇట్లు,
వీధిగది దర్జీ